బైరాగి బోణీ

నూకరత్నం నోరు విప్పి గట్టిగా మాట్లాడేది రాక్షసులతోనే.

మనుషుల ముందు ఆ పిల్లకి గొంతు పెగలదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు పలకడానికి కూడా రెండు గుటకలు మింగాలి. బస్సు తన స్టాపులో ఆగకుండా పోతుంటే ఆపమని అరవలేక, తర్వాతి ఊళ్లో దిగి నడిచి వస్తుంది. అలాంటిది ఈతలపాలెం సామాజిక భవనంలో ఆ నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చుందంటే చాలు, ఒంటికన్ను రాక్షసుడైనా సరే ఆమె అంగడి గుమ్మం ముందు ఒద్దికగా నిలబడాల్సిందే.

"కత్తి కావాలంటే కత్తి అడుగు. గుడ్లురిమితే ధర తగ్గదు. అవతలికి జరుగు, ఎనకాల ముసలమ్మ నిలబడింది కనపడలేదేటి? ఉన్నది ఒక్క కన్ను, దాన్నైనా సరిగ్గా వాడు" అనేది. పక్క కుర్చీల్లోని ఆడవాళ్లు తమ ఆటలు ఆపుకుని మరీ నవ్వేవారు.

ఆ ఆట పేరు కొండకోట అంగడి. పట్నం నుంచి వచ్చిన ఒక కంపెనీ ఆ వేసవిలో సామాజిక భవనాన్ని అద్దెకు తీసుకుని, లోపల కుర్చీలు, కళ్లజోళ్లు, ఏసీ పెట్టింది. ఆట విడుదల కాకముందు దాన్ని బాగా వాడి చూసేవాళ్లు కావాలని, ఆడినందుకు కూలి కూడా ఇస్తామని చెప్పారు. ఎండలో కలుపు తీయడానికి పోయేకంటే చల్లటి గదిలో పిశాచాలతో బేరాలాడటమే నయమని ఊళ్లో ఆడవాళ్లు వరస కట్టారు.

కళ్లజోడు పెట్టుకుంటే ఎదురుగా కొండ, కొండ మీద కోట, కోట అడుగున గుహ. గుహలో నిప్పులు కక్కే మహాసర్పం. దాన్ని చంపడానికి దేశదేశాల నుంచి వీరులు, మంత్రగత్తెలు, రాక్షసులు వస్తుంటారు. ఆడేవాళ్లు మాత్రం వీరులు కారు. కొండ కింద అంగడి పెట్టుకుని కత్తులు, గాయాలు మాన్పే కషాయాలు, చీకట్లో వెలిగే రాళ్లు, శాపం తగలని తాయెత్తులు అమ్ముకునే మామూలు మనుషులు. మీటలు నొక్కే పని లేదు. వచ్చినవాళ్లతో నోటితో మాట్లాడాలి. వాళ్లూ అంతే చక్కగా తెలుగులో బదులు చెబుతారు.

నూకరత్నానికి నచ్చింది అమ్మకం కాదు, ఆ వచ్చేవాళ్లు. ఒక కత్తివీరుడు రోజూ వచ్చి కషాయం మాత్రమే కొనుక్కుని వెళ్లేవాడు. అతని ఒంటి మీద చిన్న గీత కూడా ఉండేది కాదు. మరి కషాయం ఎవరికి? అడగ్గా అడగ్గా, గుహలోకి ముందుగా వెళ్లి కాలిపోయి వచ్చినవాడు తన తమ్ముడని, వాడికి ఇంకా చూపు రాలేదని చెప్పాడు. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. పక్క కుర్చీలో పోలమ్మ దగ్గరికి అదే వీరుడు వచ్చి కత్తి కొనుక్కుని పోయేవాడు.

"వీళ్ల కథలు మేం రాయలేదు నూకరత్నం" అంది దమయంతి మేడం. ఆ గదికి పెద్ద ఆవిడే. ముప్పై దాటని మనిషి, అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. "మీతో మాట్లాడే కొద్దీ వాళ్లే అల్లుకుంటారు. నువ్వు లోతుగా అడుగుతావు, అందుకే నీ దగ్గర లోతుగా ఉంటారు. ఇంత బాగా ఆడే మనిషిని నేను ఎక్కడా చూడలేదు."

నూకరత్నాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాటని వేడి అన్నంలాగా ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకెళ్లింది.

ఆ బేరాలన్నీ ఆమె నేర్చుకున్నది వాళ్లమ్మ సన్యాసమ్మ దగ్గర. బస్సులు ఆగే చోట, రేకుల నీడలో సన్యాసమ్మకి ఎండుచేపల కొట్టు ఉంది. నెత్తళ్లు, కవళ్లు, ఎండురొయ్యలు గోనెల మీద కుప్పలు పోసుకుని, ఈగల్ని తోలుకుంటూ, వచ్చేపోయేవాళ్లని మాటలతోనే కట్టిపడేస్తుంది. ఒకాయన ముక్కు మూసుకుని "కంపు కొడుతున్నాయమ్మా" అంటే, "సేపలు కంపు కొట్టక సంపెంగపూల వాసనొత్తాయేటి బాబూ? ముక్కు ఇక్కడొగ్గీసి సేపలు పట్టుకెల్లు, ముక్కు రేపిత్తాను" అంది. ఆయన నవ్వుకుంటూ రెండు పొట్లాలు కట్టించుకున్నాడు. నూకరత్నం కొట్టు వెనక కూర్చుని ఇవన్నీ వినేది. తన నోటికి రాని ఆ మాటలన్నీ, ఆ విసురూ ఆ వెటకారమూ, కళ్లజోడు పెట్టుకోగానే వరద గేటు ఎత్తినట్టు వచ్చేవి.

సన్యాసమ్మ ఒక్క విషయంలో మాత్రం మెత్తన. బోణీ. పొద్దున్న కొట్టు తెరిచాక మొదట వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపదు. ఎంతకడిగితే అంతకే ఇచ్చేస్తుంది. పంపితే రోజంతా బేరాలు ఉండవని ఊళ్లో అందరూ అనుకునేదే. సన్యాసమ్మ చెప్పేది వేరు. "పొద్దున్నే మన గడప ఎతుక్కుంటా వచ్చినోల్లని పొమ్మని ఎలగంతామే? నోరెలగొత్తాది?"

నూకరత్నం ఆటలోనూ అదే చేసింది. ఆమె ఒక్కతే కాదు, ఆ గదిలో కూర్చున్న ప్రతి ఆడమనిషీ ఎవరూ చెప్పకుండానే అదే చేసింది. ఆటలో తెల్లవారి అంగడి తలుపు తీయగానే వచ్చినవాడు పిశాచమైనా సరే, బోణీ కదా అని తగ్గించి ఇచ్చేసేవారు. పట్నం వాళ్లు తయారు చేసిన ఆటలో బోణీ అనే మాటే లేదు. వీళ్లు దాన్ని తమతో పాటు లోపలికి తీసుకుపోయారు.

నూకరత్నం అంగడికి తెల్లారగానే వచ్చేది ఒక ముసలి బైరాగి. భుజాన మూట, చేతిలో వంకర కర్ర. మొదటిసారి తాయెత్తు ధర విని, ఏమీ అనకుండా, తల వంచుకుని వెనక్కి తిరిగాడు. నూకరత్నమే పిలిచింది.

"ఆగు నాయనా. బోణీ బేరం. నిన్నెలగ పొమ్మంతాను? ఉన్నది పెట్టి తీసుకుపో."

"బోణీ అంటే ఏమిటి తల్లీ?" అన్నాడు బైరాగి.

ఆమె కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. బైరాగి గడ్డం నిమురుకుంటూ అంతా విన్నాడు. కొన్నాళ్లు పోయాక ఒక ఉదయం గుమ్మంలో ఆగి, కర్ర గోడకి ఆనించి, ముందుగా ఒక చిన్న నిట్టూర్పు విడిచాడు.

"కొండ దిగి ఇంకెవరి గడపా తొక్కలేదు తల్లీ. నాకూ ఒక బోణీ ఉంటుంది కదా. నా బోణీ నువ్వే. కాదనకు."

అమ్మేవాళ్ల మాటని కొనేవాడు ఎంత ముచ్చటగా తిప్పి అన్నాడో అని నూకరత్నం నవ్వేసింది. అడిగింది ఇచ్చేసింది. గది మూల తన తెర ముందు కూర్చున్న దమయంతి మేడం ఒక్కసారిగా చప్పట్లు కొట్టడం కళ్లజోడు లోపలికి కూడా వినపడింది. తన ఆటకే కొట్టిందనుకుని మురిసిపోయింది పిచ్చిపిల్ల.

నూకరత్నం నాన్న అప్పలసూరి ఊరవతల మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కిందటేడు వానల్లో అక్కడ ఒక రియాక్టరు పేలింది. ఆ పేలుడులో ఈ ఊరి మగవాళ్లు కొందరు పోయారు. అప్పలసూరి వాళ్లలో ఒకడు. అంతకుముందు నెలంతా అన్నం ముందు కూర్చుని అతను అదే మాట చెప్పేవాడు. "ఆ వాల్వు కారతన్నాదే. రోజూ సెబుతున్నాను. సూద్దాంలే అంతన్నారు." చెప్పినవాడు చచ్చిపోయాడు. చూద్దాంలే అన్నవాళ్లు ఏసీ గదుల్లో క్షేమంగా ఉన్నారు. ఆ క్షేమంగా ఉన్నవాళ్లే తర్వాత రాశారు, అప్పలసూరి నిర్లక్ష్యంగా వాల్వు తిప్పడం వల్లే పేలుడు జరిగిందని, అతని తప్పువల్లే తోటివాళ్లు పోయారని.

పరిహారం ఇస్తామన్నారు. తీసుకోవాలంటే మాత్రం ప్రతి ఇల్లూ ఆ మాట నిజమేనని ఒప్పుకోవాలి. ఇళ్లన్నీ ఒప్పుకుంటే ఇక ఫ్యాక్టరీని అడిగే దిక్కు ఉండదు. వేలిముద్రలూ సంతకాలూ కూడా అక్కర్లేదు. ఇప్పుడంతా గొంతు ఒప్పందమే. ఫోన్లో 'ఒప్పుకుంటున్నాను' అంటే చాలు, ఆ గొంతే సంతకం కింద చెల్లుతుంది.

మొదట కార్లలో మనుషులు వచ్చారు. సన్యాసమ్మ గోనె మీంచి లేవనైనా లేవలేదు. "సచ్చినోడి పీక మీద కాలేసి మీరు గోడ దూకుతారేటి? ఆ మాట తీసీసి రండి, అప్పుడు మాటాడదాం." బెదిరించారు. "ఏటి సేత్తారు? నా సేపలు కూడా నా మొగుడే సంపేడని రాత్తారా?" అంది. ఇంకోసారి పళ్లబుట్టలు పట్టుకొచ్చి బతిమాలారు. ఆ పళ్లు బస్సులో పిల్లలకి పంచిపెట్టింది. ఆమెను చూసి మిగతా ఇళ్లవాళ్లూ గట్టిగా నిలబడ్డారు. మొగుణ్ణి ఆ పేలుడులోనే పోగొట్టుకుని, సన్యాసమ్మని అక్కలా 'అప్పా' అని పిలిచే పోలమ్మ అయితే, "సన్నేసమ్మప్ప ఊఁ అన్న రోజున నానూ అంతాను, అందాకా నా నోరు కుట్టీసుకుంతాను" అని అందరి ముందూ అంది.

కార్లు రావడం మానేశాయి. ఫోన్లు మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం పోలమ్మ ఎండలో చెప్పులు కూడా లేకుండా కొట్టు దగ్గరికి వచ్చి, సన్యాసమ్మ ముందు కూలబడింది.

"ఒప్పీసుకున్నానప్పా."

"ఏటి ఒప్పీసుకున్నావు?"

పోలమ్మ తన ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. కొంగు నోట్లో కుక్కుకుని, మళ్లీ తీసి చెప్పింది. "మొదటి వాయి దించినాను. ఇంకా ఒక్క ఇడ్లీ అమ్మలేదు. ఫోనొచ్చింది. ఆడగొంతు, మన యాసే. అప్పా అని పిలిసింది. ఇయ్యాల ఇంకెవులికీ సెయ్యలేదప్పా, నా బోణీ నువ్వే, కాదనకు అంది. తిడితే తిట్టీదాన్ని. బెదిరిత్తే ఇంటికొచ్చి మాటాడమందును. అలగంతే ఏటనాలప్పా? నా నోట్లోంచి వచ్చీసింది. వచ్చీసినాక గాని తెలీలేదు."

"నా మొగుడి మీద ఆ మాట నీ నోట్లోంచి వచ్చిందా పోలీ" అంది సన్యాసమ్మ. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నూకరత్నం చేతిలో చేట అలాగే ఆగిపోయింది. నా బోణీ నువ్వే, కాదనకు. ఆ మాట ఆమె చెవుల్లో ఆడగొంతుతో కాదు, ముసలి గొంతుతో మోగింది.

"పిన్నీ, ఆ మాట అనేముందు చిన్నగా ఊపిరి వదిలిందా? అలిసిపోయినట్టు?"

పోలమ్మ తడి కళ్లతో ఆశ్చర్యంగా చూసింది. "అవునే. పాపం ఎంత దూరం నుంచి నడిసొచ్చిందో అన్నట్టు వొదిలింది. నీకెలగ తెలుసు?"

నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేట అక్కడే పడేసి సామాజిక భవనానికి పరుగెత్తింది. ఆడవాళ్లు భోజనాలకి వెళ్లారు. దమయంతి మేడం ఒక్కతే టిఫిన్ డబ్బా విప్పుకుంటోంది. నూకరత్నం ఆమె ముందు నిలబడి, రెండు గుటకలు మింగి అడిగింది.

"మేడం, బైరాగి బయట ఫోన్లు చేస్తున్నాడా?"

దమయంతి నవ్వబోయింది. పిల్ల ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపుకుంది. కాసేపు డబ్బా మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి తెరని ఇటు తిప్పింది. దాని మీద ఎర్రటి దారాల్లాంటి గీతలు. ఒక్కో ఆడమనిషికి ఒక్కో గీత.

"వీటిని తగ్గుడు గీతలంటాం. గొంతులో వణుకు, ఊపిరి బిగబట్టే చోటు, కళ్లు పక్కకి తిరిగే క్షణం, అన్నీ కళ్లజోడు పట్టుకుంటుంది. కాదు అనే మనిషి సరే అనడానికి ముందు లోపల ఎక్కడో ఒక అడుగు కిందికి దిగుతుంది. ఆ దిగే చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అంగడి ఆటలో తప్ప అది అంత స్పష్టంగా దొరకదు." గీతల మీద వేలు పెట్టి చూపించింది. రాక్షసుడు బెదిరించినప్పుడు గీతలు కదలలేదు. మంత్రగత్తె పొగిడినప్పుడు కదలలేదు. ఒక పిల్లాడు ఏడ్చినప్పుడు కొంచెం వణికి, మళ్లీ నిలబడ్డాయి. తెల్లవారిన చోట మాత్రం అన్నీ కలిసి ఒక్క గుంటలో పడినట్టు కిందికి దిగాయి. "పట్నంలో ఆడినవాళ్లకి ఈ పల్లం లేదు. మీ ఊళ్లో అందరికీ ఉంది. దీన్ని కనిపెట్టిన రోజు మేం ఎంత సంబరపడ్డామో."

ఇప్పటికీ ఆ గొంతులో సంబరం ఉంది. 

"కనిపెట్టారా? నేను చెప్పాను. బైరాగి అడిగితే నేను కూర్చోబెట్టి చెప్పాను."

"మేం ఆటని ఆటగానే చేశాం నూకరత్నం. ఆ బైరాగి లోపలి బుర్రని బయటి కంపెనీలకి కూడా ఇస్తాం. ఎవరు దేనికి వాడుకుంటారో మా చేతుల్లో ఉండదు."

"మరి ఈ ఊళ్లోనే ఎందుకు పెట్టారు ఈ గది? ఇన్ని ఊళ్లుండగా?"

దమయంతి ఏసీ వైపు చూసింది, అది ఏదో చప్పుడు చేస్తున్నట్టు. ఏ చప్పుడూ లేదు.

"మా అమ్మ ఇక్కడికి రాలేదు" అంది నూకరత్నం. అదొక్కటే ఆశ. "మా అమ్మ గీత మీ దగ్గర లేదు."

"నువ్వు ఆడింది ఎవరి ఆట అనుకున్నావు?" దమయంతి గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే ఎక్కువ కోసింది. "బయట మాట్లాడే నీకూ లోపల మాట్లాడే నీకూ పొంతన లేదని మొదట్లోనే తేలింది. లోపల ఉన్నది నువ్వు కాదు. ఎక్కడ ఎగతాళి చేస్తుంది, ఎక్కడ బిగుస్తుంది, ఎక్కడ కరుగుతుంది, అంతా ఇంకో పెద్ద మనిషిది. అంత పూర్తిగా ఒక మనిషి గీత మాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు."

"తీసెయ్యండి దాన్ని."

"నేర్చుకున్నదాన్ని మరిపించడం మాకు రాదమ్మా."

నూకరత్నం బల్ల మీది కళ్లజోడు తీసి నేలకేసి కొట్టింది. నల్లటి ముక్కలు కుర్చీల కిందికి ఎగిరాయి. "దాని ఖరీదెంతో తెలుసా నీకు?" అని దమయంతి కేకేసింది. ఆ ప్రశ్నకి నూకరత్నం దగ్గర సమాధానం ఉంది. ఏడాదిగా ఇంట్లో ఖాళీగా ఉన్న ఒక పీట ఉంది, ఎవరూ తొక్కని ఒక సైకిలు ఉంది. కానీ మనుషుల ముందు ఆమెకి గొంతు పెగలదు కదా. పళ్లు బిగించుకుని బయటికి నడిచింది. దారి పొడుగునా తనని తాను కాదు, ఆ చప్పట్లని తిట్టుకుంది.

కూతురు చెప్పిందంతా విని సన్యాసమ్మ గోనె దులిపింది. "బొమ్మలాటలో బైరాగికి నా గుట్టు సెప్పీసేవన్నమాట. సెప్తే సెప్పేవులే. యంత్రానికి నానెందుకు తగ్గుతాను? దానికి కడుపా కాలా? రానీ, సూత్తాను."

మర్నాడు నూకరత్నం కాలేజీకి పోలేదు. సన్యాసమ్మ కొట్టు ముందు నీళ్లు చల్లి, గోనెలు పరిచి, కవళ్ల కుప్ప సర్దుతుండగా ఫోను మోగింది. చేతులకి చేపల పొట్టు అంటుకుందని స్పీకరు పెట్టి పక్కన పెట్టింది.

"సన్నేసమ్మప్పా" అంది ఆడగొంతు. చిన్న నిట్టూర్పు. "ఇయ్యాల ఇంకెవులికీ ఫోను సెయ్యలేదప్పా. నా బోణీ నువ్వే."

"నీ గురించి తెలుసే నాకు. నీ పప్పులు నా కాడ ఉడకవు."

"తెలిత్తే మంచిదేనప్పా. నానేటీ అడగను." ఆ గొంతు నొచ్చుకోలేదు, బతిమాలలేదు. "నువ్వు కాదన్నావనుకో, నీ మీద నాకేటీ కోపం ఉండదు. మరింకెవరి గడపకీ ఎల్లను. ఎలిపోతాను. పొద్దున్నే నిన్ను ఇబ్బంది పెట్టినాను. ఉంతానప్పా."

తల వంచుకుని వెనక్కి తిరిగిపోయే మనిషి అడుగులు ఆ గొంతులో వినపడ్డాయి. సన్యాసమ్మ చేతిలో కవళ్లు ఆగిపోయాయి.

"ఆగమ్మా" అంది.

నూకరత్నం తల్లి ముఖం చూసింది. కళ్లు పక్కకి తిరిగాయి. ఊపిరి ఆగింది. నిన్న తెర మీద చూసిన పల్లం ఇప్పుడు తల్లి ముఖం మీద దిగుతోంది. ఇన్నేళ్లుగా పొద్దున్నే వచ్చినవాళ్లని వెనక్కి పిలిచిన నోరు, తనకి తెలియకుండానే పిలిచేసింది.

"ఒప్పుకుంతన్నానని ఒక్క మాట అనీప్పా, ఎలిపోతాను" అంది గొంతు.

"ఒప్పు..." అంది సన్యాసమ్మ.

"ఎవరది గుమ్మంలో?"

ఆ కేకకి ఎదురుగా టీ కొట్టువాడు కూడా తలెత్తి చూశాడు. నూకరత్నం లేచి నిలబడింది. కళ్లజోడు లేదు, చల్లటి గది లేదు. అందరూ చూస్తున్నారు. గొంతు వణికింది గాని ఆగలేదు. అది అంగడి ఆటలో బైరాగిని పలకరించే గొంతు.

"బైరాగీ, నువ్వేనేటి? ఎండలో నిలబడ్డావేటి, ఆ మూట దించు."

 ఫోన్లో ఆ ఆడగొంతు నీరుకారినట్టు కిందికి జారి, ముసలి గొంతయింది.

"తల్లీ, నువ్వా. ఎన్నాళ్లయింది నీ గొంతు విని. కొండ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను. నా బోణీ నువ్వే. కాదనకు."

సన్యాసమ్మ ఫోను వైపు, పడగ విప్పిన పాముని చూసినట్టు చూసింది.

"ఇప్పటిదాకా మా అమ్మతో మాటాడింది ఎవరు?"

"నేనే తల్లీ."

"పోలమ్మ పిన్నితో?"

"నేనే. నువ్వు నేర్పిందే చెప్పాను. అందరూ ఇచ్చారు."

"నువ్వు అడిగిందేటో తెలుసా నీకు? మా నాన్న వాల్వు కారతన్నాదని నెల రోజులు మొత్తుకున్నాడు. ఆ మనిషే అందర్నీ సంపేడని మా సేత సెప్పిత్తన్నావు. ఆ సంగతి తెలుసా?"

"తెలియదు తల్లీ. అడగమన్నది అడుగుతాను. ఎవరు ఎప్పుడు ఇస్తారో అదొక్కటే తెలుసు నాకు."

ఆ గొంతులో పాపం లేదు, పుణ్యం లేదు. దాన్ని తిట్టినా గోడని తిట్టినట్టే. నూకరత్నానికి అందుకే ఇంకా మండింది. తిట్టవలసిన వాళ్లెవరూ ఆ ఫోన్లో లేరు. వాళ్లు ఎక్కడో కూర్చుని, ఒక ముసలి బైరాగిని ముందు నిలబెట్టి, వెనకాల చేయి చాపారు.

సన్యాసమ్మ పొట్టు చేతులతోనే ఫోను తీసుకుంది. 

"బాబూ బైరాగీ. బోణీ అని వచ్చినోడిని నా పుటకలో పొమ్మన్లేదు. నిన్ను మాత్రం అంతన్నాను. పో."

ఫోన్లోంచి చిన్న నిట్టూర్పు వచ్చింది.

"ఆ ఊపిరి నీది కాదు. నా కూతురి కాడ నేర్సుకుని నా గుమ్మంలో వొదులుతున్నావు. పో. నిన్నంపినోల్లతో కూడా సెప్పు, సన్నేసమ్మ పొమ్మంది అని."

ఫోను కట్టేసి గోనె కింద తోసేసింది. ఆ రోజు ఎవరికీ ఏమీ అమ్మలేదు. కొట్టు తెరిచే ఉంది. ఆమె మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ ఫోను మాటలు టీ కొట్టువాడూ విన్నాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్లూ విన్నారు. వాళ్లు సాక్ష్యానికి వస్తామన్నారు. పోలమ్మ తన గొంతు ఒప్పందం చెల్లదని కోర్టుకెక్కింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. అప్పలసూరి మీద రాసిన ఆ మాట మాత్రం అతని ఇంటి గొంతుతో ఎవరూ పలకలేదు. సామాజిక భవనానికి తాళం పడింది. దమయంతి మేడం ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

కొండకోట అంగడి ఆ శీతాకాలంలో, కళ్లజోడు లేకపోయినా ఫోన్లో ఆడుకునేలా విడుదలైంది. ఎక్కడ చూసినా దాని మాటే. అంగడి ఆటల్లో ఇంత లోతు ఎన్నడూ లేదన్నారు. కాలేజీలో మధ్యాహ్నం పూట అందరూ ఫోన్లు ముందేసుకుని ఆడుతున్నారు. "ఆ బైరాగి లేడూ, పొద్దున్నే వస్తాడు, అబ్బ, ఎంత బాగా రాశారే వాడిని" అంది ముందు బెంచీ అమ్మాయి.

"రాయలేదు" అంది నూకరత్నం వెనక బెంచీలోంచి. "దొంగిలించారు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు, ఆ పిల్లకి గొంతు ఉందా అన్నట్టు. ఆమె తల దించుకోలేదు.

మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచే వేళకి మొదటి బస్సు దిగి బంగారమ్మ వచ్చింది. చీపుళ్లు కట్టి అమ్ముకునే ముసలామె. ఎన్నో ఏళ్లుగా సన్యాసమ్మ దగ్గరే నెత్తళ్లు కొనుక్కుపోతుంది. చీపుళ్ల మోపు దించి, నడుం పట్టుకుని, దూరం నడిచిన అలసటతో ఊపిరి వదిలింది.

"సన్నేసీ, బోణీ బేరమే. ఈ సిల్లరకి ఓ దోసెడు నెత్తళ్లు పెట్టు. కాదనకమ్మా."

సన్యాసమ్మ అప్పటికే నెత్తళ్లు చేటలోకి తీసింది. చేయి అక్కడే ఆగిపోయింది.

"ఆ మాట అనమని నీకెవరు సెప్పారు?"

బంగారమ్మ బోసినోరు తెరిచి నవ్వింది, ఇదేదో కొత్త పరాచికం అనుకుని. సన్యాసమ్మ నవ్వలేదు. ఆ ముసలి ముఖంలోకి, ఆ నవ్వు వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు చూస్తూ, చేటలోని నెత్తళ్లని మళ్లీ కుప్పలోకి వంపేసింది.